థైరాయిడ్ మాత్ర విషయమై అమ్మాయికి

టెక్కలి

చి.ల.సౌ. అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

డాక్టరమ్మ గారు థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచారనీ, రెండో నెలలో అంత మందు మింగితే కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని రెండు రోజులుగా మానేశాననీ నిన్న నువ్వు ఫోనులో చెప్పావు. పక్కన మీ అమ్మ కంగారు పడుతుందని అప్పుడు నేనేమీ అనలేదు గానీ, రాత్రంతా అదే ఆలోచన.

తల్లీ, ఆ మాత్రలో ఉన్నది నీ గొంతులోని గ్రంథి తయారుచేయవలసిన థైరాక్సిన్ అనే హార్మోనే. బిడ్డ గ్రంథి మూడో నెల చివరికి గానీ పని మొదలుపెట్టదు. తన అవసరానికి తగినంత చేసుకోవడానికి ఐదో నెల దాకా పడుతుంది. అంతవరకు నీ రక్తంలో నుంచి మాయ దాటి వెళ్లే థైరాక్సినే ఆ బిడ్డకు ఆధారం. మోతాదు పెంచింది ఇందుకే.

అది మెదడులో ఏం చేస్తుందో తెలిస్తే నీ భయం పోతుంది. థైరాక్సిన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. నాడీకణాలకు తోడుగా ఉండే ఆస్ట్రోసైట్లు వాటిలో ఒకదాన్ని తీసి, మూడే మిగిలిన టీ3 అనే హార్మోనుగా మార్చి అందిస్తాయి. టీ3 కణం కేంద్రకంలోకి వెళ్లి, అక్కడ కొన్ని జన్యువుల పక్కనే డీఎన్ఏను పట్టుకొని ఉన్న గ్రాహకంతో, అంటే హార్మోనును అందుకునే ప్రోటీనుతో కలుస్తుంది. హార్మోను రాకపోతే గ్రాహకం ఊరికే ఉంటుందని నేను బడిలో చాలా ఏళ్లు చెప్పాను. అది నిజం కాదు. హార్మోను లేని గ్రాహకం కొన్ని ప్రోటీన్లను దగ్గరకు చేర్చుకొని, డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది అసిటైల్ అనే చిన్న రసాయన గుర్తులను తీయించి, డీఎన్ఏ చుట్టను బిగించి, ఆ జన్యువు పని చేయకుండా ఆపుతుంది. టీ3 చేరగానే ఆ ప్రోటీన్లు తప్పుకొని, చుట్టను వదులు చేసేవి వస్తాయి. నాడీతంతువులకు మైలిన్ తొడుగు వేసే జన్యువుల వంటివి అప్పుడు చురుకవుతాయి. హార్మోను కొరవడిన ఎలుకపిల్లల చిన్నమెదడు సరిగా ఎదగదు. ఆల్ఫా-1 రకం గ్రాహకాన్ని కూడా తొలగించిన ఎలుకపిల్లల్లో మాత్రం ఆ లోపం రాలేదని 2002లో చూపించారు. అంటే హార్మోను లేకపోవడం కంటే, అది లేని గ్రాహకం చేసే అడ్డే ఎక్కువ కీడు. పైగా మెదడులో ఒక్కో పనికి ఒక్కో అదను ఉంది, నారు ముదిరాక నాటినట్టు తర్వాత ఇచ్చిన హార్మోను ఆ లోటును పూర్తిగా తీర్చలేదు.

రెండు రోజులు మానినందుకు దిగులు పడకు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది. రేపటి నుంచి మాత్రం పొద్దున్నే పరగడుపున వేసుకో. ఐరన్, కాల్షియం మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు కనుక వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మీ అమ్మ పంపుతానంటున్న నౌపడ కల్లుప్పులో అయోడిన్ కలపలేదు. సముద్రపు ఉప్పే అయినా అందులో సహజంగా ఉండే అయోడిన్ చాలదు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, కాబట్టి వంటకు అయోడిన్ ఉప్పే వాడు.

మాత్ర మానిన సంగతి డాక్టరమ్మ గారికి దాచకుండా చెప్పు. ఒంట్లో థైరాయిడ్ హార్మోను సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష నాలుగు వారాలకు చేస్తారు, అందులో ఎంత వచ్చిందో ఆ రోజే నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
నాన్న