సూర్యానికి, మల్లి పొట్ట గురించి

విజయనగరం

ఒరేయ్ సూర్యం,

ఉత్తరం అందింది. మీ పిల్లి మల్లి లావెక్కిందని దానికి తిండి సగానికి తగ్గించేశానని రాశావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ముందు ఆ పని మానెయ్. మిగతాది తాపీగా చదువుకుందువు గాని.

పొట్ట కింద, వెనక కాళ్ళకి కాస్త ముందు, తోలు సంచిలా వేలాడుతోందనీ, నడిస్తే ఊగుతోందనీ అన్నావు. అది జబ్బు కాదురా. పిల్లుల ఒంటి తీరే అంత. ఆరు నెలల వయసు దాటాక మెల్లగా బయటపడుతుంది. ఆడవాటికీ ఉంటుంది, మగవాటికీ ఉంటుంది, బక్కపిల్లులకీ ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించబట్టే అలా అయిందని మీ వదిన అంటోందట కదా. ఏ ఆపరేషనూ లేని మా వీధి గండుపిల్లికి కూడా అలాగే వేలాడుతోందని ఆవిడకి చెప్పు. ఆపరేషన్ తరవాత కొన్ని పిల్లులు ఒళ్ళు చేస్తాయి, నిజమే, కానీ అది వేరే సంగతి. సింహాలకీ పులులకీ కూడా ఆ తోలు ఉంటుంది. ఈజిప్షియన్ మౌ అని ఒక జాతి ఉంది, దానికైతే జాతి లక్షణాల్లోనే రాసిపెట్టారు.

ఎందుకలా అంటే తలో మాటా చెప్తారు. ఒళ్ళంతా సాగదీసి పరిగెత్తడానికి, ఎత్తుకి దూకడానికి వీలుగా ఉంటుందని కొందరు. కొట్లాటలో పొట్టకి కాపు అని కొందరు. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. మా పెరట్లో అమ్మ కవళ్ళ చేపలు బాగుచేసే వేళకి గోడ మీద యుద్ధం మొదలవుతుంది. ముందు కాళ్ళతో ఎదుటిదాన్ని వాటేసుకుని, వెనక కాళ్ళ గోళ్ళతో దాని పొట్ట మీద టపటపా తంతాయి. తోలు అలా వదులుగా జారుతుంటే గోరు లోపలి దాకా దిగదు కదా!

మల్లి నిజంగా లావెక్కిందా అన్నది ఆ తోలు చూసి తేల్చకు. పక్కటెముకల మీద వేళ్ళు మెత్తగా జరుపు. గట్టిగా నొక్కకుండానే ఎముకలు తగిలితే, పైనుంచి చూసినప్పుడు నడుం కాస్త లోపలికి కనిపిస్తే, బరువు బాగున్నట్టే. లావుగానే ఉందనుకో, అప్పుడైనా తిండి ఒక్కసారిగా కొయ్యకూడదు. లావుపిల్లి రెండు మూడు రోజులు సరిగా తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి పట్టి ప్రాణం మీదకొస్తుంది. డాక్టర్ని అడిగి మెల్లమెల్లగా తగ్గించాలి.

పొట్ట వదులుగా కాకుండా గుండ్రంగా ఉబ్బి, బిగిసిపోయి ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకు. లోపల నీరు చేరి ఉండొచ్చు. నీకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గరే, చీపురుపల్లి నుంచి ఆటోలో పోవచ్చు.

ఇంకోటి. దాని రెండు భుజాల మధ్య తోలు కొంచెం పైకి లాగి వదిలి చూడు. వెంటనే సర్దుకుంటే మంచిదే. మెల్లగా దిగుతుంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయని అనుమానించాలి. మన ఎండలకి అది తొందరగానే జరుగుతుంది. ముసలి పిల్లుల తోలు ఎలాగూ బిగువు తగ్గి ఉంటుంది, వాటికి ఈ పరీక్ష సరిగా పనిచెయ్యదు. మల్లిది చిన్న వయసే కాబట్టి పరవాలేదు. ఇలా వదులుగా ఉండబట్టే డాక్టర్లు సెలైన్ అక్కడ తోలు కిందకే ఎక్కిస్తారు, నరం వెతకక్కర్లేదు. అలాగని మీ పిల్లలు దాన్ని ఆ మెడ తోలు పట్టుకుని ఎత్తితే ఊరుకోకు. తల్లి నోట కరుచుకుని తిప్పేది చిన్నపిల్లల్ని. ఎదిగిన పిల్లి బరువంతా ఆ తోలు మీద పడితే దానికి నొప్పి, భయం. ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తమను.

ఈ ఆదివారం దాని బరువు చూడు. ఎత్తుకుని మిషనెక్కు, తరవాత నువ్వొక్కడివే ఎక్కి తీసెయ్. ఎంత వచ్చిందో ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పు. ఇవాళ రాత్రి నుంచే దానికి కడుపు నిండా పెట్టు.

నీ
రాంబాబు