కాలనీ నివాసుల సంక్షేమ సంఘం, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది చేసిన పనిని వరద దగ్గర నుంచే చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు మన ఇళ్లను ముంచెత్తింది. నీళ్లు తీశాక మరో బాధ మొదలైంది. ఇళ్లలోంచి తోడి రోడ్డు పక్కన పోసిన బురద నాలుగు ఎండలకు పిండిలా మారింది. ఆటో వెళ్లినప్పుడల్లా లేచి మళ్లీ మన గడపల మీదే పడేది. తడిసి పాడైన పరుపులకు, సోఫాలకు కొందరు అక్కడే నిప్పు పెట్టారు. ఆ పొగకు ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లోనే కార్యవర్గం సమావేశమై, ఈ ఏడాది గాలి సంగతే చూడాలని తీర్మానించింది.

2019లో కేంద్రం ప్రారంభించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. గాలి ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాల కోసం పెట్టిన కార్యక్రమం అది. ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5 మాత్రమే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, జాతీయ రహదారి మీది లారీలు మన చేతిలో లేవు. మన వీధిలో మనం వెలిగించే మంట మన చేతిలోనే ఉంది.

మొదట ఊడ్పు సంగతి చూశాం. పొడి రోడ్డును చీపురుతో ఊడిస్తే ఆ దుమ్మంతా ముందుగా పారిశుద్ధ్య కార్మికుల ఊపిరిలోకే పోతుంది. వాకిట్లో కళ్ళాపి చల్లేది దుమ్ము అణగడానికే కదా! అందుకే వాళ్లు వచ్చేసరికి ఇంటి ముందు రెండు చెంబుల నీళ్లు చల్లమని కోరాం. చాలామంది చల్లుతున్నారు.

అన్నిటికన్నా సంతోషం కలిగించింది భోగి. ఏటా పిల్లలు పంక్చర్ షాపుల నుంచి పాత టైర్లు దొర్లించుకొచ్చేవారు. తెల్లారేసరికి ముగ్గుల మీద నల్లటి మసి, బూడిదలో ఇనుప తీగ చుట్టలు మిగిలేవి. టైరు కాలితే గంధకం పొగతో పాటు క్యాన్సర్ కారకమైన బెంజీన్ కూడా గాలిలో కలుస్తుంది. ఈసారి ధనుర్మాసం మొదట్లోనే పంక్చర్ షాపుల వారిని కలిసి, పిల్లలకు టైర్లు ఇవ్వవద్దని అడిగాం. పిల్లలకు పిడకల దండలు గుచ్చే పని అప్పగించాం. ఆ పని దగ్గరుండి నేర్పిన అమ్మమ్మలకు సంఘం రుణపడి ఉంది. 2025 జనవరి 13 తెల్లవారుజామున మన కూడలిలో పిడకలు, ఎండు కట్టెలు మాత్రమే కాలాయి. కట్టె పొగా పొగే, కాదనము. అందుకే వీధికొకటి కాకుండా కాలనీ అంతటికీ ఒకే మంట వేశాం.

చేయలేకపోయినవీ ఉన్నాయి. చివరి వీధిలోని ఖాళీ స్థలంలో రాత్రిళ్లు చెత్త తగలబెట్టడం ఆగలేదు. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే ఆదేశించింది. ఆ ఆదేశాన్ని గోడ మీద రాయించాం, ఫిర్యాదులూ ఇచ్చాం. ఆ పొగ పక్కనే పసిపిల్లలున్న ఇళ్లు ఉన్నాయి. ఈ విషయంలో కార్యవర్గం ఎవరినీ మొహమాటపడి వదిలిపెట్టదు. టార్పాలిన్ కప్పకుండా వచ్చే ఇసుక లారీల సంగతీ ఇంకా తేలలేదు.

వచ్చే ఏడాది ఎండుటాకుల కోసం పార్కు మూలన ఎరువు గుంత తవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. సభ్యుల ఆమోదం కోరుతున్నాం. గుంత తవ్వకానికి, తడిపొడి చెత్త విడదీయడం చూసుకోవడానికి వీధికి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి