కాన్పు తర్వాతి 42 రోజులు మా గడపకు ఎవరు వస్తారు? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. అత్తగారి ఊరు కరీంనగర్ జిల్లాలో ఉంది. ప్రైవేట్ బడిలో ఐదో తరగతి పిల్లలకు చదువు చెప్తాను. నా భర్త దుబాయ్‌లో పనిచేస్తారు. మా పాపకు ఇప్పుడు ఏడాది నాలుగు నెలలు, గోడ పట్టుకోకుండా ఇల్లంతా తిరుగుతోంది. నేనూ బాగున్నాను. బాగున్నాను కాబట్టే ఈ లేఖ రాయగలుగుతున్నాను. పాప పుట్టిన మూడో వారంలో నా పేరు రాసే ఓపిక కూడా నాకు లేదు.

ముందుగా, బాగా జరిగింది చెప్పాలి. మూడో నెల రాగానే అత్తగారి ఊరి ఆశా అక్క ఇంటికి వచ్చి పేరు రాసుకున్నది. తల్లీబిడ్డల కార్డు ఇప్పించింది. నెల నెలా 9వ తేదీన పీహెచ్‌సీలో పెద్ద డాక్టర్ చూస్తారని గుర్తుచేసి మరీ తీసుకెళ్లేది. అంగన్‌వాడీలో రోజూ ఒక పూట అన్నం, పాలు, గుడ్డు. ఏడో నెలలో నాకు రక్తం (హిమోగ్లోబిన్) 9.2 ఉందని తేలితే ఐరన్ సూదులు వేయించింది. రక్తం తక్కువ నాకొక్కదానికే కాదు. 2019లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అయినా ఆశా అక్క పట్టు వల్ల కాన్పు నాటికి నాది 10.8కి వచ్చింది. ఈ తొమ్మిది నెలలు ప్రభుత్వం నా పక్కనే ఉందని నేను ఎక్కడైనా చెప్తాను. 2014-16లో మన దగ్గర లక్ష మంది బిడ్డలు పుడితే 81 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 43కి తగ్గింది. దాని వెనుక ఇలాంటి అక్కల కాళ్ల కష్టం ఉంది.

ఎనిమిదో నెల నిండాక మొదటి కాన్పని పుట్టింటికి వచ్చాను. అక్కడే దారం తెగింది.

నా కార్డు, నా వివరాలు అత్తగారి ఊరి రిజిస్టరులో ఉన్నాయి. మనిషిని మాత్రం నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. అత్తగారి ఊరి అక్కకు నేను ఊళ్లో లేను. మా ఊరి అక్కకు నేను లెక్కలో లేను. ఇందులో ఆ ఇద్దరి తప్పు ఏమీ లేదు. మన పల్లెల్లో మొదటి కాన్పు పుట్టింట్లోనే చేస్తారు, ఇది ఎవరికీ తెలియని విషయం కాదు. అలాంటప్పుడు లక్షల మంది ఆడపిల్లలు సరిగ్గా కాన్పు ముందరే ఊరు మారతారని తెలిసి కూడా లెక్కలు ఊరికి కట్టేసి ఉంచడం ఏం పద్ధతి?

ఇక కాన్పు. ఉమ్మనీరు తగ్గిందన్నారు. ప్రభుత్వ దవాఖానలో జనం ఎక్కువని భయపడి అమ్మ, బాపు ప్రైవేటుకు తీసుకుపోయారు. పెద్దాపరేషన్ చేశారు. అది అవసరమో కాదో చెప్పే చదువు నాకు లేదు, కాబట్టి దాని గురించి ఎవరినీ తప్పుపట్టను. కానీ అదే సర్వేలో మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయని, ప్రైవేటులో అయితే 81.5 శాతమని రాశారు. దేశం మొత్తం మీద అది 21.5 శాతమే. ఆ అంకెను మీరు నాకంటే ఎక్కువసార్లు చూసి ఉంటారు.

నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ అయిన తర్వాతి సంగతి. పొద్దున పది గంటలకు పాప పుట్టింది. ఒక్కసారి మొహం చూపించి తీసుకుపోయారు. మళ్లీ నా పక్కకు తెచ్చింది సాయంత్రం నాలుగింటికి. అప్పటికే మూడుసార్లు డబ్బా పాలు పట్టారు. "తల్లికి పాలు పడలేదు, డబ్బా తెప్పించండి" అని నర్సు చీటీ రాసిచ్చింది. బాపు పరుగెత్తి తెచ్చాడు. పాలు పడ్డాయో లేదో బిడ్డను రొమ్ముకు పెట్టకుండానే ఎలా తెలిసిందని అడిగే తెలివి ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ లేదు.

తర్వాత తెలుసుకున్నాను. మొదటి రోజు బిడ్డ కడుపులో పట్టేవి ఒక చెంచాడు పాలే. అందుకు ఆ నాలుగు చుక్కల ముర్రుపాలు చాలు. పసుపుపచ్చగా, చిక్కగా ఉండే ఆ పాలలోనే బిడ్డను జబ్బుల నుంచి కాపాడే గుణం ఉంటుంది. అసలు పాలు పొంగేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. బిడ్డ ఎంత చీకితే తల్లికి అన్ని పాలు వస్తాయి. డబ్బా పాలతో కడుపు నింపితే బిడ్డ చీకదు, చీకకపోతే పాలు రావు, పాలు రాలేదని మళ్లీ డబ్బా. ఆ గానుగలో నేను ఐదు వారాలు తిరిగాను. ఆపరేషన్ అయిన తల్లి రొమ్ము మీద కూడా, ఇద్దరూ క్షేమంగా ఉంటే, ఆ గదిలోనే బిడ్డను పడుకోబెట్టవచ్చట. నాకు అది ఎవరూ చెప్పలేదు.

మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు దవాఖానల్లోనే అవుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు 37.1 శాతమేనని ఆ సర్వే చెప్పింది. చుట్టూ డాక్టర్లు, నర్సులు ఉన్నచోటే ప్రతి ముగ్గురు పిల్లల్లో దాదాపు ఇద్దరికి ఆ గంట పోయింది. ఇది పేదరికం వల్ల కాలేదు, ఊరికి రోడ్డు లేక కాలేదు. పక్కన ఉన్నవాళ్లు బిడ్డను తెచ్చి తల్లి రొమ్ము మీద పెట్టకపోవడం వల్ల అయింది.

మా వదినెకు ఇందుకు పూర్తిగా వేరేగా జరిగింది. ఆమె కాన్పు ప్రభుత్వ మాతాశిశు దవాఖానలో అయింది. అక్కడ మిడ్‌వైఫ్ ఒకామె నొప్పులు వచ్చినంతసేపూ పక్కనే ఉన్నది. నడిపించింది, నడుము రాసింది, నీళ్లు తాగించింది. మామూలు కాన్పు అయ్యింది. బొడ్డు కోయకముందే బాబును ఛాతీ మీద పెట్టింది. 2017లో కాన్పుల ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లోనే ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టిన రాష్ట్రం మనది. అంటే దారి మనకు తెలుసు. దయచేసి ఆ శిక్షణ పొందినవాళ్లను కాన్పుల గదుల్లోనే ఉంచండి, వేరే పనులకు వాడకండి. ఇంకా ఎక్కువ మందికి నేర్పించండి.

ఐదో రోజు నన్ను ఇంటికి పంపించారు. అమ్మ నన్ను ఎనుకటి అర్రలో పడుకోబెట్టి, గాలి తగలొద్దని కిటికీ మూసింది. వెల్లుల్లి కారం, అన్నం. పెరుగు లేదు, కూరగాయలు లేవు. కుట్లు చీము పడతాయని నీళ్లు కూడా గ్లాసు లెక్కన. అంగన్‌వాడీ టీచర్ గుడ్లు పంపిస్తే బాలింతకు పడవని అమ్మ పక్కన పెట్టింది. పాపకు తేనె నాకించబోతే మాత్రం నేను గొడవపడి ఆపాను. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమని ఎక్కడో చదివిన గుర్తు. మా అమ్మ చెడ్డది కాదు. నాకోసం రాత్రులు నిద్ర మానుకున్న మనిషి. ఆమెకు వాళ్ల అమ్మ చేసిందే ఆమె నాకు చేసింది. పాలిచ్చే తల్లి మామూలుకంటే ఎక్కువ తినాలని, దాహం వేసినన్ని నీళ్లు తాగాలని తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఒక్కరు వచ్చి చెప్పి ఉంటే ఆమె వినేది. నా మాట ఎందుకు వింటుంది?

పన్నెండో రోజు నుంచి నాకు ఏదో అయ్యింది. పాప నిద్రపోయినా నాకు నిద్ర వచ్చేది కాదు. పాప ఏడిస్తే ఎత్తుకోవడానికి చేతులు లేచేవి కావు. అన్నం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. ఈయన వీడియో కాల్ చేస్తే పాప మీదికి ఫోన్ తిప్పి నేను గోడవైపు తిరిగేదాన్ని. పాలు సరిగా ఇవ్వలేని నేను తల్లినేనా, ఈ బిడ్డ ఇంకెవరి దగ్గరైనా ఉంటే బాగుండేదేమో అనిపించేది. "మేము కనలేదా, మేము పెంచలేదా" అన్నారు ఇంట్లోవాళ్లు. దిష్టి అన్నారు. తాయెత్తు కట్టారు. ఇరవై ఒకటో రోజు పాపను తొట్లెలో వేశారు. ఇల్లంతా చుట్టాలు. వచ్చిన ప్రతి మనిషీ పాప రంగు గురించి, బరువు గురించి, పాలు చాలుతున్నాయా అనీ అడిగారు. ఆ రోజంతా నేను ఎలా ఉన్నానని ఒక్కరు కూడా అడగలేదు.

కాన్పు అయిన కొద్దిరోజులకు తల్లికి ఊరికే ఏడుపు రావడం, టెన్షన్ పడటం చాలామందిలో ఉంటుందట. రెండు వారాల్లో అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే అది జబ్బు, దానికి మందు ఉంది. నాకది తెలిసింది ఆరో వారంలో, పాపకు సూదులు వేయించడానికి పోయినప్పుడు. అక్కడి ఏఎన్ఎం (ఊళ్లలో టీకాలు వేసే ప్రభుత్వ నర్సు) అక్క పాప తొడకు సూది వేసి, కార్డు మీద రాసి, తలెత్తి నా మొహం చూసింది. "బిడ్డ సంగతి సరే, నువ్వెట్లున్నవ్ బిడ్డా?" అన్నది. నేను అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె వరసలో ఉన్నవాళ్లను ఆగమని చెప్పి, నన్ను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. డాక్టరమ్మతో మాట్లాడించింది. అక్కడి నుంచి జిల్లా దవాఖానలో మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. పాలు ఇస్తూనే వాడగల మందులు రాశారు. పాలు ఎలా పట్టాలో కూడా ఆ ఏఎన్ఎం అక్కే రెండుసార్లు పక్కన కూర్చుని నేర్పింది. బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోస్తే పాలు చాలుతున్నట్టేనని ఆమె చెప్పాకే నా భయం పోయింది. మూడో నెలకు డబ్బా మానేశాం.

ఆ అక్క నన్ను అడగాలని ఏ కాగితంలోనూ రాసి లేదేమో. ఆమె మంచిది కాబట్టి అడిగింది. మంత్రి గారూ, నా భయమంతా అక్కడే. ఆమె ఆ రోజు సెలవులో ఉండి ఉంటే?

ఆశాలు బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలనే పద్ధతి 2011 నుంచి దేశమంతా ఉంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఇంటికి వచ్చినప్పటి నుంచి. ఆ ఇంటికి వచ్చే పని అన్నిసార్లూ పూర్తిచేస్తే ఆశాకు ఇచ్చేది 250 రూపాయలు. బిడ్డ బరువు, బొడ్డు, ఒంటి వేడి చూడాలి. తల్లికి జ్వరం, ఎక్కువ రక్తస్రావం ఉన్నాయేమో అడగాలి. మా గడపకు ఆ 42 రోజుల్లో ఒక్కరూ రాలేదు, కారణం పైన చెప్పాను. కాబట్టి నా మొదటి విన్నపం ఇదే. దవాఖాన నుంచి తల్లిని పంపించేటప్పుడు, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, "ఏ ఊరికి పోతున్నావు?" అని అడిగి, ఆ ఊరి ఆశా ఫోనుకు ఆ రోజే కబురు పోయేలా చేయండి. ఆధార్ నంబరుతో రేషన్ బియ్యం ఏ ఊరిలోనైనా తీసుకోవచ్చు. బాలింత వివరాలు నలభై కిలోమీటర్లు ప్రయాణించలేవా?

రెండోది, ఆ ఆశా తల్లి మనసు గురించి కూడా అడగాలి. ఎడిన్‌బరోలో 1987లో తయారైన పది ప్రశ్నల పట్టిక ప్రపంచమంతా ఇందుకే వాడుతున్నారు. అంత కూడా అవసరం లేదు, నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా, బిడ్డను చూస్తే ఏమనిపిస్తోంది అని మూడు ముక్కలు అడిగినా నాలాంటిది బయటపడుతుంది. అందుకు శిక్షణ ఇవ్వండి, ఆ పనికి విడిగా డబ్బులు ఇవ్వండి. వాళ్ల మీద ఊరికే ఇంకో రిజిస్టరు మాత్రం వేయకండి. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను తల్లీబిడ్డల కార్డు అట్ట మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. అర్ధరాత్రి తెలుగులో మాట్లాడే మనిషి ఫోన్‌లో ఉంటారని నాకు తెలిసి ఉంటే ఎన్ని రాత్రులు కలిసొచ్చేవో.

ప్రైవేటు దవాఖానల మాట కూడా ఒకటి. ఎన్ని ఆపరేషన్లు చేశారని అడుగుతున్నట్టే, పుట్టిన ఎన్ని గంటలకు బిడ్డను తల్లి రొమ్ముకు పెట్టారని కేస్ షీటులో రాయించండి. డబ్బా పాలు పట్టాల్సి వస్తే ఎందుకో డాక్టరు సంతకంతో రాయాలి. డబ్బా పాల ప్రచారాన్ని ఆపే చట్టం 1992 నుంచే ఉంది. మందుల షాపుకు పోయే చీటీ దాకా ఆ చట్టం చేరాలి.

2017 నుంచి ప్రభుత్వ దవాఖానలో కాన్పు అయితే తల్లీబిడ్డలకు కావలసిన సామాన్లతో కేసీఆర్ కిట్టు ఇచ్చారు. మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలుగా వచ్చేలా చేశారు. వదినెకు వచ్చిన దోమతెర ఇప్పటికీ వాళ్ల బాబు వాడుతున్నాడు. ఆ మేలు చిన్నది కాదు. మా ఇంటి పక్కన బీడీలు చుట్టే ఒకామె కాన్పు అయిన ఇరవయ్యో రోజున మళ్లీ చాట ఒడిలో పెట్టుకుంది. ఆకు, తంబాకు దుమ్ము మధ్యలో బిడ్డకు పాలిస్తూ వెయ్యి బీడీలు పూర్తి చేసేది. ఆఫీసు ఉద్యోగికి చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. ఆమెకు 26 రోజులు కూడా లేవు. అలాంటి ఆమెకు విడతల డబ్బు సమయానికి అందాలి. కనీసం ఆ ఆరు వారాల్లోనే ఒక విడత చేతికి వచ్చేలా చూడండి.

మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. ఆమె కార్డు నిజామాబాద్ జిల్లాలో ఉంది. వచ్చే నెలలో కాన్పుకు మా ఇంటికి వస్తుంది. అమ్మ అప్పుడే ఎనుకటి అర్ర కడిగి పెట్టింది. ఈసారి కిటికీ మూయనని, గుడ్డు పెడతానని నాకు మాట ఇచ్చింది. మా ఊరి ఆశా అక్కకు నేనే పోయి చెల్లెలి పేరు చెప్పి వచ్చాను. "నా లిస్టులో లేదు కదా, అయినా వస్తలే" అన్నది. ఆమె లిస్టులో మా చెల్లెలి పేరు ఉండేలా చేయమని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక బడిపంతులమ్మ,
జగిత్యాల జిల్లా