ఒరేయ్ బొద్దింకా, రొయ్య సంగతి విన్నావా

ఒరేయ్ బొద్దింకా,

తిట్టుకో, తిట్టే హక్కుంది నీకు. సంక్రాంతికి నువ్వు రాసినదానికి ఇప్పుడా జవాబు అంటావ్. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, డాబా కారడం ఆగింది, పాప ఎనిమిదో క్లాసుకొచ్చింది, అయిపోయాయి వార్తలు. అసలు సంగతి మొన్న ఆదివారం రొయ్యలది.

కేజీ టైగర్ రొయ్యలు, ఓ పండుగప్ప తెచ్చా. పెరట్లో పంపు దగ్గర నేనూ పాపా కూర్చుని ఒలుస్తున్నాం, తల విరిచి, పెంకు లాగేసి, వీపు మీద చాకుతో గీసి ఆ నల్లదారం తీస్తాం చూడు, అమ్మేమో లోపల్నుంచి ఒకటే అరుపు, నరం తియ్యండ్రా, లేపోతే పళ్ళకింద ఇసక తగుల్తాది అని. పాప ఒక దారాన్ని వేళ్ళమధ్య నలిపి చూసింది. "నాన్నా, నరమైతే అందులో ఇసకెందుకుంది?"

నా చెయ్యి ఆగిపోయింది రా! బీఎస్సీ జువాలజీ వెలగబెట్టి, ఇన్నేళ్ళూ నేనూ నరమనే అంటున్నా. అది పేగు. ఆ ఇసక అది తిన్న బురద. మరి నరమేదంటే రొయ్యని వెల్లకిలా తిప్పి, కాళ్ళమధ్య మెల్లగా చీల్చి చూపించా, తెల్లగా, కుట్టుదారంలా, అక్కడక్కడా చిన్న ముడులతో. నీకు గుర్తొచ్చే ఉంటది, ప్రాక్టికల్స్‌లో బొద్దింక పేగంతా పీకి అవతల పారేసి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నరమేదని అడిగితే "ఖాళీ సార్" అన్నావే! ఆ ఖాళీ అడుగునే ఉందిరా వెధవా నాడీదండం. సర్లే, పోయిన మార్కులు ఇప్పుడు రావు.

ఇక పండుగప్పని కోస్తే అంతా ఎదురు. నరాల తాడు పైన వెన్నులో, పేగులు కింద పొట్టలో, గుండె మొప్పల దగ్గర అడుగున. రొయ్యకేమో గుండె వీపు వైపు. పాప ఆ వెల్లకిలా రొయ్యని తీసి చేప పక్కన పెట్టి "ఇప్పుడు రెండూ సేమే కదా" అంది. నిజంగానే సేమ్ రా, పైన నరం, మధ్యలో పేగు, కింద గుండె.

సరిగ్గా ఇదే పని 1822లో పారిస్‌లో జొఫ్రువా సెంతిలేర్ అనే జంతుశాస్త్రవేత్త చేశాడు, రొయ్య బదులు లాబ్‌స్టర్‌తో. అక్కడే ఉన్న ఇంకో శాస్త్రవేత్త కువియేకి మండింది. ఆయన ఒంటి నిర్మాణం చూసి జంతువులన్నిట్నీ నాలుగు పెట్టెల్లో సర్దేశాడు కదా, వెన్నెముకున్నవి, నత్తల్లాంటి మెత్తటివి, కణుపులున్నవి, స్టార్‌ఫిష్‌లా చుట్టూ పరుచుకున్నవి, ఒక పెట్టెకీ ఇంకోదానికీ పొత్తే లేదంటాడు. 1830లో ఇద్దరూ సైన్స్ అకాడమీలో అందరిముందూ వాదులాడుకున్నారు, ఆ గొడవ మొదలైంది కూడా కటిల్‌ఫిష్ (అదీ నత్తల పెట్టెలోదే) మీద ఎవరో రాసిన పేపర్ మీద! కువియే గెలిచాడనే చాలామంది అనుకున్నారు. నాకు కువియే మీద కోపమేం లేదు, ఆ లెక్కన చూడకపోతే రొయ్యని చేపల్లోనే కలిపేస్తాం, మా మార్కెట్లో ఒకే బల్ల మీద పెట్టి అమ్మట్లా? కీళ్ళకాళ్ళు, ఒంటిబయట పెంకు, పొట్టవైపు నరం, ఇవన్నీ చూస్తే రొయ్య చేపకన్నా నీకే దగ్గర చుట్టం, బొద్దింకా.

కానీ 1990ల్లో ఏమైందంటే, కప్ప పిండంలో వీపు వైపు పనిచేసే కార్డిన్ అనే జీన్‌కి జోడీ ఈగలో దొరికింది, దాని పేరు సాగ్, అది పనిచేసేది పొట్ట వైపు! దీన్ని దాంట్లో పెట్టినా, దాన్ని దీంట్లో పెట్టినా పనిచేసిందట. అంటే జొఫ్రువా చెప్పిన ఆ పాత తిరగేత పూర్తిగా పిచ్చిమాట కాదన్నమాట. తిరగబడ్డది రొయ్య కాదు, మన వంశమే ఎప్పుడో వెల్లకిలా పడింది అనేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ. ఇది పాపకి చెప్తే, "మరి మన నోరెందుకు..." అని ఇంకో ప్రశ్న మొదలెట్టింది, దాని సంగతి కూడా రాద్దామనుకున్నా గానీ...

అమ్మ వచ్చి రొయ్యలతో బొమ్మలాటేంట్రా అని ఇద్దర్నీ కలిపి తిట్టింది, కూర రెండింటికి అయింది. ఇప్పటికీ దాన్ని నరమనే అంటోంది.

బావమరిది గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాడు, ఆటో హారన్ కొడుతున్నాడు. పచ్చడి సీసా వాడి చేతే పంపుతున్నా, నరాలు నేనే తీశా, అదే, పేగులు. మూత వదులుగా ఉంది, నిలబెట్టే ఉం