స్లీవ్ అల్మారాలో ఎందుకు ఉండిపోతోంది?

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు గడ్డను ముందే గుర్తించడం దగ్గర మొదలై ఆపరేషన్, కీమో, రేడియేషన్‌తో ముగుస్తాయి. ఆ తర్వాత నెలలకో ఏళ్ళకో మొదలయ్యే చెయ్యి వాపు (లింఫెడీమా) గురించి ‘కంప్రెషన్ స్లీవ్ వేసుకోవాలి’ అని ఒక్క వాక్యం ఉంటే ఉంటుంది. స్లీవ్ అంటే మణికట్టు నుంచి చంక దాకా చేతిని బిగుతుగా పట్టి ఉంచే సాగే తొడుగు. ఏ స్లీవ్, ఎంత బిగుతు, ఎప్పుడు కొలవాలి, వేసుకున్న గంటకే మోచేతి మడతలో ఎందుకు మండుతోంది అన్నవి అందులో ఉండవు. లింఫెడీమా ఉన్నవారికి రోజూ పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్నలు అవే. అందుకే కాస్త వివరంగా ఈ ఉత్తరం రాస్తున్నాం.

స్లీవ్ భరించలేక తీసి అల్మారాలో పెట్టేసినవారిని ‘ఓపిక లేదు’ అని తప్పుపట్టడం అన్యాయం. సరిగ్గా కొలిచి, ఆ చేతికి తగిన అల్లికతో చేసిన స్లీవ్ గట్టిగా పట్టుకున్నట్టు ఉంటుందే తప్ప నొప్పి పుట్టించదు. నొప్పి పుడితే లోపం కొలతలోనో, బట్టలోనో, తొడిగే పద్ధతిలోనో ఉందని అర్థం. దాన్ని వెతికి పట్టుకోవలసిన బాధ్యత స్లీవ్ రాసిచ్చినవారిది కూడా.

చంకలోని లింఫ్ గ్రంథులను తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా చేతి నుంచి పైకి వెళ్ళే లింఫ్ ద్రవానికి (కణజాలంలోంచి తిరిగి రక్తంలోకి చేరే ద్రవం) దారులు తగ్గిపోతాయి. ఆ ద్రవంలో ప్రొటీన్ ఎక్కువ. అది చర్మం కింద నిలిచిపోతే మొదట మెత్తని వాపు, బరువు. పట్టించుకోకుండా వదిలేస్తే కొవ్వు, పీచు కణజాలం పెరిగి చెయ్యి గట్టిపడుతుంది. చంక గ్రంథులను పూర్తిగా తీసినవారిలో దాదాపు 5 మందిలో ఒకరికి, సెంటినెల్ గ్రంథి పరీక్షతో (రొమ్ము నుంచి లింఫ్ మొదట చేరే కొద్ది గ్రంథులను మాత్రమే తీసి చూడటం) సరిపెట్టినవారిలో సుమారు 20 మందిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. స్లీవ్ పోయిన దారులను తిరిగి తెరవలేదు. కొత్త ద్రవం పేరుకోకుండా బయటి నుంచి ఒత్తిడి ఉంచుతుంది. కండరం కదిలిన ప్రతిసారీ దానికి ఎదురుగోడలా నిలిచి ద్రవాన్ని భుజం వైపు నడిపిస్తుంది.

ఇక్కడే అన్నిటికన్నా పెద్ద పొరపాటు జరుగుతుంది. వాపు పూర్తిగా ఉన్న చేతిని కొలిచి స్లీవ్ ఇచ్చేస్తారు. స్లీవ్ చేసే పని, అప్పటికే తగ్గిన వాపును తగ్గినంతలో నిలబెట్టడం. వాపును తగ్గించే పని అంతకుముందు జరగాలి: శిక్షణ పొందినవారు చర్మాన్ని చేత్తో మెల్లగా నిమురుతూ ద్రవాన్ని కదిలించే లింఫ్ డ్రైనేజీ, తక్కువ సాగే బ్యాండేజీలను పొరలు పొరలుగా చుట్టడం, చర్మ సంరక్షణ, వ్యాయామం కలిపి సాధారణంగా 2 నుంచి 4 వారాలు. చుట్టుకొలత కొన్ని రోజులుగా ఒకే అంకె దగ్గర ఆగిపోయినప్పుడు స్లీవ్‌కు కొలవాలి. ముందే కొలిస్తే, వాపు తగ్గుతున్న కొద్దీ స్లీవ్ వదులై మణికట్టు వైపు జారి, మోచేతి మడతలో ముడతలుగా చేరుతుంది. ఆ ముడతల దగ్గర ఒత్తిడి రెండింతలై చర్మం కోసుకుపోతుంది. చాలామంది మంట అనేది దీన్నే. వాపు ఇప్పుడిప్పుడే మొదలై స్వల్పంగా ఉన్నవారికి మాత్రం నేరుగా స్లీవ్‌తో మొదలుపెట్టవచ్చు.

కొలత పొద్దున్నే తీయాలి. సాయంత్రానికి చెయ్యి పెరుగుతుంది. బ్యాండేజీ కట్టుకుంటున్నవారికి అది విప్పిన వెంటనే తీయాలి. మోచెయ్యి కొద్దిగా వంచి, చేతిని బల్ల మీద వదులుగా ఉంచి 5 చోట్ల చుట్టుకొలత తీసుకోవాలి: మణికట్టు, ముంజేతిలో లావైన చోటు, మోచేతి మడత, దండచేయి మధ్యభాగం, చంకకు రెండు వేళ్ళ కింద. మణికట్టు నుంచి ఒక్కో చోటికి ఎంత దూరమో కూడా రాసుకోవాలి. టేపు చర్మానికి ఆనాలి కానీ లోపలికి దిగకూడదు. చంక దగ్గర టేపు కాస్త లాగి కొలిస్తే స్లీవ్ పై అంచు తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది. స్లీవ్ ఒత్తిడి మణికట్టు దగ్గర ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గాలి. పై అంచు బిగుసుకుంటే ఈ క్రమం తలకిందులై, ద్రవం పైకి పోకుండా కిందే ఆగిపోతుంది. స్లీవ్ వేసుకున్నాక వాపు పెరిగిందనేవారిలో మొదట చూడవలసింది ఈ పై అంచునే.

రెడీమేడ్ సైజు పట్టికలో 5 కొలతలూ ఒకే సైజు కిందికి రావాలి. మణికట్టు చిన్న సైజులో, దండచేయి పెద్ద సైజులో పడితే మధ్యస్థంగా ఒకటి తీసుకుందాం అనుకోవడం పనికిరాదు. అలాంటి చేతికి కొలతలిచ్చి చేయించుకోవాలి.

బిగుతు అంకె గురించి ఒక హెచ్చరిక. ‘క్లాస్ 2 స్లీవ్’ అంటే అన్ని చోట్లా ఒకటే అనుకోకండి. జర్మన్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 23 నుంచి 32 మిల్లీమీటర్ల పాదరసం. బ్రిటిష్ ప్రమాణంలో అదే క్లాస్ 2 అంటే 18 నుంచి 24. ఫ్రెంచ్ ప్రమాణంలో 15 నుంచి 20. రక్తపోటును కొలిచే యూనిటే ఇది. పెట్టె మీద క్లాస్ సంఖ్యను వదిలేసి ఈ పాదరసం అంకెను చూడండి. మెత్తగా, కొద్దిగా వాచిన చేతికి 15 నుంచి 21 వరకు చాలామందికి సరిపోతుంది. వాపు ఇంకాస్త ఉంటే 23 నుంచి 32. అంకె పెంచితే మంచిదేనన్న నమ్మకంతో ఎక్కువ బిగుతుది కొని రోజుకు గంట వేసుకునేకన్నా, తక్కువ బిగుతుది పొద్దున్నుంచి రాత్రి వరకు వేసుకోవడం ఎన్నో రెట్లు మేలు. పట్టు తక్కువైన చేతులకు బిగుతు స్లీవ్ తొడుక్కోవడం కష్టమైతే, తేలికైనవి రెండు ఒకదాని మీద ఒకటి వేసుకునే మార్గం ఉంది. వెల్క్రో పట్టీలతో సర్దుకునే చుట్టుడు తొడుగులూ ఉన్నాయి. ఏది వాడాలన్నది చికిత్స చేసేవారితో కలిసి తేల్చుకోవాలి.

అంకె కన్నా అల్లికే సౌకర్యాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందని మా అభిప్రాయం. గొట్టంలా గుండ్రంగా అల్లినవి పలచగా, కుట్టు లేకుండా, చూడటానికి అందంగా ఉంటాయి. మడతలు లేని, స్వల్పంగా వాచిన చేతికి అవి బాగుంటాయి. చర్మంలో మడత ఉంటే మాత్రం ఆ సాగే దారాలు మడతలోకి దిగి కోస్తాయి. చదునుగా అల్లి ఒక పక్క కుట్టినవి మందంగా, బిరుసుగా ఉంటాయి. మొదటిసారి చూసి ‘ఇంత మోటుదా’ అని వెనక్కి ఇచ్చేసేవారున్నారు. కానీ ఆ బిరుసుదనమే మడతలోకి దిగకుండా దాని మీదుగా వంతెనలా నిలుస్తుంది, గట్టిపడిన కణజాలాన్ని పట్టి ఉంచుతుంది, గాలి కూడా బాగా ఆడనిస్తుంది. చేయించుకునేటప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి ఉండేలా అల్లమని, మడత లోపలి వైపు మెత్తని అస్తరు వేయమని అడగవచ్చు. పై అంచులోని సిలికాన్ పట్టీకి దద్దురు వచ్చేవారు పట్టీ సగం చుట్టూ మాత్రమే ఉన్నదో, భుజం మీదుగా స్ట్రాప్ ఉన్నదో తీసుకోవచ్చు. స్లీవ్ జారిపోతోందని పై అంచును మడిచి పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

స్లీవ్ ఒక్కటే వేసుకుంటే కొందరికి అరచెయ్యి, వేళ్ళు ఉబ్బుతాయి. ద్రవానికి ఒత్తిడి లేని చోటు అదే కాబట్టి అక్కడ చేరుతుంది. అరచేతిలోనో వేళ్ళలోనో వాపు ముందే ఉంటే మొదటి రోజు నుంచీ గ్లవ్ కావాలి. వేళ్ళు లేని గాంట్లెట్ అరచేతి వాపుకు చాలు. అది వేసుకుంటే వేళ్ళు లావెక్కుతున్నాయంటే వేళ్ళున్న గ్లవ్‌కు మారాలి. గ్లవ్‌కు ప్రతి వేలికీ మొదట్లోనూ గోటి దగ్గరా చుట్టుకొలత, పొడవు కావాలి. వేళ్ళ సందుల్లో గ్లవ్ పూర్తిగా ఆనాలి, ఖాళీ ఉంటే ఆ సందే వాచి గట్టిపడుతుంది. వేలి కొసలు బయటికి ఉండే గ్లవ్ అయితే రంగు మారితే వెంటనే తెలుస్తుంది. మణికట్టు దగ్గర గ్లవ్, స్లీవ్ ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట ఒత్తిడి పెరుగుతుందని, ఆ సంగతి ముందే చెప్పి కొలిపించుకోవాలని గుర్తుంచుకోండి.

ఛాతీ వాపు గురించి ఎవరూ మాట్లాడరు. రొమ్ము తీసేసిన చోట, చంక కింద పక్కభాగంలో, వీపు మీద కూడా ద్రవం నిలుస్తుంది. దానికి స్లీవ్ ఏమీ చేయలేదు. సన్నని స్ట్రాప్, ఇరుకు పట్టీ ఉన్న మామూలు బ్రా చర్మంలోకి దిగి, దాని పైభాగంలో వాపును ఇంకా నిలబెడుతుంది. కావలసింది వెడల్పాటి స్ట్రాపులు, చంక వరకు ఎత్తుగా వచ్చే పక్కభాగం, ముందు వైపు తెరుచుకునే వీలు, తీగ లేకపోవడం, కుట్లు బయటి వైపుకు ఉండటం. పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాలి. గట్టిపడిన చోట గళ్ళు గళ్ళుగా కుట్టిన ఫోమ్ ప్యాడ్ బ్రా లోపల పెడితే కణజాలం మెత్తబడుతుంది. తీశాక చర్మం మీద గళ్ళ గుర్తులు కాసేపు ఉండి పోతే భయం లేదు. కృత్రిమ రొమ్ము పెట్టుకునేవారు తేలికైనది ఎంచుకుని బ్రాలో కుట్టిన జేబులో ఉంచాలి. బరువైనదైతే బరువంతా స్ట్రాప్ మీద పడి భుజం పైన గాడి పడుతుంది. గాయం పూర్తిగా మానకముందు, రేడియేషన్‌తో చర్మం ఒలిచినట్టు ఉన్నప్పుడు సర్జన్‌ను అడగకుండా ఇవేవీ వేసుకోకూడదు.

తొడగడానికి గరుకు పట్టున్న రబ్బరు గ్లవ్స్ వాడండి. ఉంగరాలు తీసి, చర్మం పొడిగా ఉన్నప్పుడు స్లీవ్‌ను సగం వరకు లోపలికి తిప్పి, మణికట్టు సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెంగా పైకి అరచేత్తో నిమురుతూ సర్దాలి. పై అంచు పట్టుకుని లాగితే బట్టంతా పైకి చేరి, ఒత్తిడి అక్కడే పోగవుతుంది. మాయిశ్చరైజర్ రాత్రికి రాసుకోండి. పొద్దున రాస్తే స్లీవ్ జారుతుంది, సాగే దారమూ పాడవుతుంది. చెమట ఎక్కువైతే తొడుక్కున్న స్లీవ్ మీదే నీళ్ళు చల్లుకోండి, ఆరుతూ చల్లబరుస్తుంది. పగటి స్లీవ్‌తో నిద్రపోవద్దు. రాత్రికి కావాలంటే ఫోమ్‌తో చేసిన తక్కువ ఒత్తిడి తొడుగులు వేరే ఉన్నాయి.

రెండు జతలు ఉండాలి. ఒకటి ఒంటి మీద ఉంటే రెండోది ఉతికి ఆరుతుంది. ఉతికితేనే సాగిన దారం తిరిగి ముడుచుకుంటుంది కాబట్టి రోజూ ఉతకాలి. మెత్తని సబ్బు చాలు. బ్లీచ్, బట్టలను మెత్తబరిచే కండిషనర్ వద్దు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టాలి. ఇంత జాగ్రత్తగా వాడినా సుమారు 6 నెలలకు బిగుతు పోతుంది. తేలిగ్గా ఎక్కేస్తోందంటే దాని పని అయిపోయినట్టే.

వేళ్ళు తిమ్మిరెక్కినా, కొసలు నీలంగా లేదా తెల్లగా మారినా వెంటనే తీసేయండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరమో చలో వస్తే అది ఇన్ఫెక్షన్. స్లీవ్ తీసి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, తగ్గి ఒత్తిడి భరించగలిగాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఉన్నట్టుండి వాపు పెరిగినా, కొత్తగా నొప్పి వచ్చినా సిరలో రక్తపు గడ్డ గానీ, క్యాన్సర్ తిరిగి రావడం గానీ కాదని తేల్చుకున్నాకే స్లీవ్ మాట. గుండె పంపింగ్ బాగా తగ్గినవారు, చేతి ధమనుల్లో అడ్డంకి ఉన్నవారు డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

కొత్త జత కొనేటప్పుడు పాత కొలతల కాగితం ఇచ్చేయకుండా ప్రతిసారీ మళ్ళీ కొలిపించుకోవాలి. మీ ఆరోగ్య పేజీలో చేతి బొమ్మ వేసి, పైన చెప్పిన 5 చోట్లనూ గుర్తించి, పక్కన తేదీ, చుట్టుకొలత రాసుకునే గడులతో ఒక్కసారి ప్రచురించండి. దాన్ని కత్తిరించి చికిత్స చేసేవారి దగ్గరికి పట్టుకెళ్ళేవారు తప్పకుండా ఉంటారు.

భవదీయులు,
లింఫెడీమా ఉన్నవారితో పనిచేసే ఫిజియోథెరపిస్టులం