ఆటో అన్నకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

ఇవాళ సూర్యాపేట దాకా బస్సులో వెళ్లొచ్చాను. ఒళ్లంతా హూనమైపోయింది, అయినా ఈ నాలుగు ముక్కలు రాయకుండా పడుకోలేను.

విజయవాడ హైవే మీద మా బస్సు లారీని గుద్దిన సంగతి చాలామందికి తెలుసు. కాలికి రాడ్ వేశారు, ఎముక అతుక్కుంది. కానీ లారీ హారన్ వినపడితే చాలు, గాజు పగిలిన చప్పుడు, డీజిల్ వాసన అన్నీ అప్పుడే జరుగుతున్నట్టు మీద పడేవి. చాలా నెలలకు ఒక సైకియాట్రిస్ట్ పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసును వదలని గాయం) అని చెప్పి, ఈఎండీఆర్ థెరపీకి (చూపు అటూ ఇటూ తిప్పిస్తూ ఆ జ్ఞాపకాల బాధ తగ్గించే చికిత్స) సికింద్రాబాద్ పంపారు. ఎల్బీ నగర్ నుంచి అక్కడికి వెళ్లాలంటే బండెక్కాలి. నా భయమే బండి.

మా వీధి చివర ఆటో అన్న పేరు రాయొద్దన్నాడు. మొదటి రోజు చౌరస్తా దాటకముందే ఆపమని అరిచాను. పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. ఏమైందని అడగలేదు. దిగి, లారీలు పోయే వైపు పరదా దించి తాడుతో కట్టాడు. "అక్కా, పానం నిమ్మళమైనంకనే పోదాం. నాకేం జల్ది లేదు" అన్నాడు. అయినవాళ్లే "ఇంక మర్చిపో" అంటున్న రోజులవి. ఆటోలోనే భోరున ఏడ్చేశాను. ఆ తర్వాత ప్రతిసారీ తనే తీసుకెళ్లాడు. సెషన్ అయ్యేదాకా కిందే ఆగేవాడు. నేను సోలిపోయి వస్తే పాటలు కట్టేసి, సందుల్లోంచి మెల్లగా ఇంటికి చేర్చేవాడు. వెయిటింగ్ చార్జీ ఏనాడూ పుచ్చుకోలేదు. అన్నా, నీ రుణం ఎలా తీర్చుకోను?

థెరపిస్ట్ మేడమ్ మొదట్లో ఆ రాత్రి ఊసే ఎత్తనివ్వలేదు. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి తట్టుకోవడం నేర్పారు. మనసు కాస్త కుదుటపడ్డాకే అసలు పని. ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే ఆమె వేళ్ల వెంట చూపు తిప్పాలి. ఆపి, "ఇప్పుడేం వస్తోంది?" అనేవారు. సున్నా నుంచి పది దాకా బాధ ఎంతంటే మొదట పది అన్నాను. ఇప్పుడు ఒకటి. జరిగినదంతా గుర్తుంది, కానీ అయిపోయిన సంగతిగా గుర్తుంది. అమెరికా సైకాలజిస్ట్ ఫ్రాన్సిన్ షపీరో దీని మీద తొలి అధ్యయనం ప్రచురించింది 1989లో. చూపు తిప్పితే ఎందుకు పనిచేస్తుందో నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే పీటీఎస్‌డీకి సిఫారసు చేసింది. వీడియోలు చూసి సొంతంగా మాత్రం చేసుకోకండి.

ఇంత తెలిసిన చికిత్స గురించి ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో ఒక్కరు చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితాల నిండా కాలి గురించే. రాడ్‌కి డబ్బిచ్చిన బీమా కంపెనీ దీన్ని కౌన్సెలింగ్ అని తోసేసింది. ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఉండాలని 2017 చట్టం చెబుతోంది. ఎవరికి అందుతోంది? నేను నగ తాకట్టు పెట్టాను. అదీ లేనివాళ్లు ఏమైపోవాలి?

మా ఆయనకి, అమ్మకి, పిల్లలకి వేరే చెప్పాలా.

అయ్యో, మర్చిపోయాను! అర్ధరాత్రి 14416కి ఫోన్ చేస్తే తెలుగులో ఓపిగ్గా మాట్లాడిన టెలీ మానస్ (మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్) అమ్మాయికి కృతజ్ఞతలు, సైకియాట్రిస్ట్‌కి చూపించుకోమన్నది తనే. ఫిజియోథెరపీ తమ్ముడికి. 108 వాళ్లకి. ఆ రాత్రి తన చున్నీ చింపి నా కాలికి కట్టిన అమ్మాయి నకిరేకల్‌లో దిగాల్సిందని మాత్రం గుర్తుంది. ఎవరికైనా తెలిస్తే ఈ పోస్టు తనకి చూపించండి.