దాని వీణ మాత్రం మానిపించకు

కార్మెల్, ఇండియానా
అక్టోబరు

పద్మా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికీ, మీ అమ్మాయి వీణ ఆపేద్దామన్న మాటకీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "అంత దూరం వెళ్లి పిల్లని గవర్నమెంటు స్కూల్లో వేశారా?" అని మీ అత్తయ్యగారు బాధపడ్డారన్నావు కదా, ఆవిడకి కూడా ఇది చదివి వినిపించు.

మా ఊరు ఇండియానాపోలిస్‌కి ఉత్తరాన, సిటీని ఆనుకునే ఉంటుంది. ఎటు వెళ్లినా రౌండ్‌అబౌట్లే, అంటే సిగ్నల్ బదులు చుట్టూ తిరిగి వెళ్లే గుండ్రటి కూడళ్లు, నూటయాభైకి పైగా ఉన్నాయట! అంత ఊరికీ కలిపి ఒక్కటే పబ్లిక్ హైస్కూలు, కార్మెల్ హైస్కూల్. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఐదు వేల మందికి పైగా పిల్లలు. ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలకి ఏటా అద్దె కట్టించుకునేవాళ్లు, 2023లో రాష్ట్రం చట్టం చేసి అదీ ఎత్తేసింది. అలాగని పూర్తిగా ఉచితం అనుకోకు. ఈ స్కూలు పరిధిలో ఇల్లు ఉంటేనే సీటు. అందుకే మనవాళ్లంతా ఇటే ఎగబడతారు, ఇళ్ల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అంత పెట్టుకోలేని వాళ్ల పిల్లలకి ఈ చదువు అందకపోవడం నాకు ఎప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

చదువు సంగతి గట్టిగానే ఉంటుంది, ఆ బెంగ అక్కర్లేదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, పొట్టిగా ఏపీ, అని కాలేజీ స్థాయి కోర్సులు హైస్కూల్లోనే చదివిస్తారు. మే నెలలో పరీక్ష, ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు. మంచి స్కోరొస్తే చాలా కాలేజీల్లో ఆ సబ్జెక్టు మళ్లీ చదవక్కర్లేదు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అని ఇంకో అంతర్జాతీయ కోర్సు కూడా ఉంది. మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే మొదటి ప్రశ్న "మీ అమ్మాయి ఎన్ని ఏపీలు తీసుకుంది?" అనే. ఆ లెక్కల మధ్య పిల్లలు పడే టెన్షన్ చూస్తుంటే మన ఇంటర్ రోజులే గుర్తొస్తాయి. మా వారూ మొదట్లో అదే పాట. ఇప్పుడు కాస్త తగ్గారు.

అసలు నేను చెప్పాలనుకున్నది బ్యాండ్ గురించి. మా చిన్నది క్లారినెట్ వాయిస్తుందని తెలుసుగా. ఇక్కడ అది సాయంత్రం కాలక్షేపం కాదే. టైమ్‌టేబుల్లో మ్యాథ్స్‌లాగే దానికీ ఒక పీరియడ్, ఒక టీచరు, గ్రేడు, క్రెడిట్. మైదానంలో వరసలుగా నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండయితే జులై ఎండలోనే మొదలు. ఐదు గజాలకి సరిగ్గా ఎనిమిది అడుగులు వెయ్యాలి, అంటే అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. కాళ్లకేసి చూడకూడదు, తల తిప్పకూడదు, ఊపిరి తప్పకూడదు. ఏ కౌంటుకి ఎక్కడ నిలబడాలో రాసుకున్న చిన్న పుస్తకం తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. స్పీకర్లో తాళం చెప్పే మెట్రోనోమ్ టక్కు టక్కుమంటుంటే అదే ఎనిమిది అడుగులు మళ్లీ, మళ్లీ, మళ్లీ. ఒక్కరు అరడుగు పక్కకి జరిగినా పైనుంచి చూసేవాళ్లకి గీత వంకర తెలిసిపోతుంది. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తియ్యడానికి బద్ధకించే పిల్ల, మెడ వెనక నల్లగా కమిలిపోయినా ఒక్కరోజు మానలేదు. తను లేకపోతే ఆ వరసలో ఖాళీ కనిపిస్తుందని దానికి తెలుసు. ఆ బాధ్యత నేను ఎంత చెప్పినా వచ్చేది కాదు.

నవంబరులో బ్యాండ్స్ ఆఫ్ అమెరికా గ్రాండ్ నేషనల్స్ అని స్కూలు మార్చింగ్ బ్యాండ్ల జాతీయ పోటీలు ఇక్కడే, ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతాయి. దేశం నలుమూలల నుంచీ స్కూళ్లొస్తాయి. మా స్కూలు 2005, 2012, 2016, 2017ల్లో గెలిచింది. యూనిఫాంలు, లారీలు, వాద్యాలు అన్నింటికీ ఖర్చు బాగానే అవుతుంది. అందులో చాలాభాగం తల్లిదండ్రులమే వేసుకుంటాం, తిండి ఏర్పాట్లూ మేమే చూసుకుంటాం. పోయినసారి నా పులిహోరకి అమెరికన్ అమ్మలు రెండోసారి వచ్చి వడ్డించుకున్నారు తెలుసా!

ఇక ఆటలు. నాకు ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ ఇప్పటికీ సగమే అర్థమవుతుంది, అది వదిలేస్తా. ఈత సంగతి విను. ఈ స్కూలు ఆడపిల్లల ఈత జట్టు 1987 నుంచి ఏటా రాష్ట్ర ఛాంపియన్. ఏ ఆటలోనైనా సరే, దేశంలో ఇంకే హైస్కూలూ వరసగా ఇన్నేళ్లు గెలవలేదు. ఇక్కడ చదువుతుండగానే అలెక్స్ షాకెల్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా రిలే జట్టుతో ఈది పతకం తెచ్చుకుంది. దీని వెనక 1972 నాటి చట్టం ఒకటుంది, టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ స్కూలూ ఆడపిల్లలన్న కారణంతో వివక్ష చూపకూడదు, ఆటల్లో కూడా. మన హైస్కూల్లో మగపిల్లలు వాలీబాల్ ఆడుతుంటే మనం గోడ పక్కన నిలబడి చూసేవాళ్లం. నీకు ఎంత ఆడాలని ఉండేదో నాకు తెలుసు పద్మా.

అందుకే నీ ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మాయి ఇంటర్లో చేరింది కదా, రెండేళ్లు వీణ అటక మీద పెట్టేద్దామన్నావు. పొద్దున్నించీ రాత్రిదాకా క్లాసులూ స్టడీ అవర్లేనని, ఊపిరాడదని నాకు తెలుసు. అక్కడి కాలేజీలో వీణకి పీరియడ్ ఉండదు, క్రెడిటూ రాదు, నిజమే. అయినా వారానికి ఒక్క గంట మిగల్చవే. ఎనిమిదేళ్ల పిల్లప్పటి నుంచి వాయిస్తున్న చెయ్యి అది. రెండేళ్లు ఆపితే వేళ్లు బిగుసుకుపోతాయి, ఆ తర్వాత ఇంజనీరింగు, ఆ తర్వాత ఉద్యోగం, ఇంక ఎప్పుడు ముట్టుకుంటుంది? ర్యాంకు కోసమే అయినా, ఆ గంట తర్వాత అది పుస్తకం ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో ఒక నెల చూడు.

అన్నయ్య ఒప్పుకోకపోతే నేను మాట్లాడతాను. ఆదివారం పొద్దున్న మీకు ఏడింటికి ఫోన్ చెయ్యి, మాకప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, ఖాళీగానే ఉంటాను. దాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. మా చిన్నది మాట్లాడతానంటోంది.

నీ
శారద